రెండు బళ్లు, ఒకే చెయ్యి

సికింద్రాబాదు కంటోన్మెంటు పొరుగున ఉన్న మారేడ్‌పల్లి వంటి పేటల్లో పాత మోటారు సైకిళ్లను బతికించే మెకానిక్కు విద్య ఎంత గొప్పదో, 1950ల మధ్యలో మద్రాసులో తయారీ మొదలైన బ్రిటిష్ సంతతి బుల్లెట్‌నూ, 1983లో ఎస్కార్ట్స్ సంస్థ జపాన్ యమహా నమూనాతో తెచ్చిన రాజ్‌దూత్ 350నూ పక్కపక్కన నిలిపి చూస్తే తెలుస్తుంది. బుల్లెట్‌ది ఒకే సిలిండరు. కిక్కు మెల్లగా నొక్కుతూ, పాయింట్లు, అనగా తాకి విడిపోతూ నిప్పురవ్వ పుట్టే క్షణాన్ని నిర్ణయించే లోహపు మొనలు, ఎప్పుడు విడిపోతున్నాయో అమ్మీటరు ముల్లును బట్టి పసిగట్టాలి. రాజ్‌దూత్ పని ఇంతకంటే సున్నితమైనది. పెట్రోలును గాలితో కలిపే కార్బ్యురేటర్లు దానికి సిలిండరుకొకటి చొప్పున రెండు ఉంటాయి, అవి వెంట్రుకవాసి తేడా లేకుండా ఒక్కసారే తెరుచుకోవాలి; అందుకే చెయ్యి తిరిగిన మెకానిక్కు రెండు సైలెన్సర్ల వెనుక చెరో అరచెయ్యి పెట్టి, పొగ తోపుడును పోల్చి, కేబుల్ మరను పావు చుట్టు తిప్పి, మళ్లీ అరచేతులు పెడతాడు.