మూడు నోటు పుస్తకాల అమ్మాయి

ఒక పదిహేడేళ్ల పిల్ల వంటింటి సింకులో కాళ్లు పెట్టుకుని, గిన్నెలు ఆరబెట్టే చెక్క మీద కుక్క దుప్పటి పరుచుకుని కూర్చుని రాసుకుంటూ ఉంటుంది. కుర్చీ బల్లా లేక కాదు. ఆ సాయంకాలం ఇంట్లో కాస్తంత వెలుతురు మిగిలింది ఆ కిటికీ పక్కనే. నవల మొదలయ్యేది ఇలా. ఇంట్లో డబ్బు లేదని ఎవరూ మనకి చెప్పరు, దీపాల ఖర్చు లెక్క చూసుకుంటున్నారనీ చెప్పరు. సింకులో కాళ్లు చూశాక వేరే చెప్పే పని లేదు.

పుస్తకం పేరు 'ఐ క్యాప్చర్ ది కాజిల్'. రాసినావిడ డోడీ స్మిత్. '101 డాల్మేషియన్స్' సినిమా చూడని పిల్లలు తక్కువ కదా, ఆ చుక్కల కుక్కల కథ కూడా ఈవిడదే, 1956 నాటిది. దానికంటే ఎనిమిదేళ్లు ముందు, 1948లో, ఈ నవల వచ్చింది. అప్పటికి ఆవిడ వయసు 52. పేరున్న నాటక రచయిత్రే గానీ నవల రాయడం అదే మొదలు. భర్త యుద్ధంలో చేరనన్న మనిషి. యుద్ధకాలమంతా ఇద్దరూ అమెరికాలో గడిపారు. అక్కడ కూర్చుని, బెంగ పెట్టుకున్న ఇంగ్లండును ఆవిడ ఒక పదిహేడేళ్ల పిల్ల కళ్లతో మళ్లీ కట్టుకుంది. యాభై దాటిన మనిషి పదిహేడేళ్ల గొంతుతో మాట్లాడితే ఎక్కడో ఒకచోట పెద్దరికం బయటపడుతుంది. ఇందులో ఎక్కడ బయటపడుతుందా అని నేను వెతుకుతూనే చదివాను. దొరకలేదు.

నాకిది ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద, ఒక ఆదివారం, గైడ్ల గుట్ట కింద దొరికింది. అప్పటికే నాకు నలభై దాటాయి. పదిహేడేళ్లప్పుడు దొరికి ఉంటేనా అనిపించింది. మా తరం చందమామ మూసేసి నేరుగా వారపత్రికల సీరియళ్లలోకి దూకింది. నిన్నటిదాకా బేతాళుడు, ఇవాళ్టినుంచి ఆరడుగుల హీరో, విదేశీ కారు. ఆ రెంటికీ నడుమ, ప్రేమంటే ఏమిటో తెలియక తికమకపడే వయసుకు తగిన మెట్టు ఒకటి ఉండాలని మాకెవరూ చెప్పలేదు. అందుకని నేనిది కొంచెం అసూయతోనే చదివానని ముందే ఒప్పుకుంటున్నాను.

కథ పైపైన చెబితే మామూలుగానే ఉంటుంది. సఫోక్ పల్లెల్లో శిథిలమైన ఒక కోట. అందులో అద్దెకుండే మోర్ట్‌మెయిన్ కుటుంబం. తండ్రి ఒకే ఒక్క గొప్ప పుస్తకం రాసి, ఆ తర్వాత ఏళ్ల తరబడి కలం ముట్టని రచయిత. అద్దె కట్టి ఎంత కాలమైందో! ఉన్న సామాను ఒక్కొక్కటే అమ్ముకుని తింటున్నారు. సవతితల్లి టోపాజ్ చిత్రకారులకు మోడల్‌గా పనిచేసిన మనిషి, కాస్త తిక్క ఉన్నా మనసు వెన్న. అక్క రోజ్, తమ్ముడు థామస్. చచ్చిపోయిన పనిమనిషి కొడుకు స్టీఫెన్ జీతం లేకుండా ఇంటి చాకిరీ చేస్తూ వాళ్లతోనే ఉంటాడు. కుక్క పేరు హెలొయీజ్, పిల్లి పేరు అబెలార్డ్. బువ్వకు లేకపోయినా పేర్లు పెట్టడంలో మాత్రం రాజీ లేదు! ఊరి భూస్వామి పోవడంతో అమెరికా నుంచి ఇద్దరు అన్నదమ్ములు దిగుతారు, వారసుడైన సైమన్, అతని తమ్ముడు నీల్. ఇద్దరు అక్కచెల్లెళ్లు, ఇద్దరు అన్నదమ్ములు. ఇక ఎవరికి ఎవరో మనమే ముడిపెట్టేసుకుంటాం. ఆ ముడి మన చేత వేయించి, తర్వాత తీరిగ్గా విప్పడమే డోడీ స్మిత్ ఆట.

అసలు పనితనం కథ చెప్పే పద్ధతిలో ఉంది. చెప్పేది కాసాండ్రా, ఆ సింకులోని పిల్ల. తనకూ రచయిత్రి కావాలనుంది కనుక చేయి తిరగడానికి ఇంట్లో జరిగేదంతా నోటు పుస్తకంలో ఎక్కిస్తుంది. అదీ షార్ట్‌హ్యాండ్ లాంటి తన గుర్తుల్లో, ఇంకొకళ్లు చదవలేకుండా. నవలకు మూడు భాగాలు, మూడు నోటు పుస్తకాలు. మొదటిది ఆరు పెన్నీలది, మార్చి నెల. రెండోది షిల్లింగుది, ఏప్రిల్, మే. మూడోది రెండు గినీలది, జూన్ నుంచి అక్టోబరు దాకా. గినీ అంటే 21 షిల్లింగులు, షిల్లింగంటే 12 పెన్నీలు. లెక్క వేస్తే మూడో పుస్తకం ఖరీదు మొదటిదానికి 84 రెట్లు. పిల్ల ఎదుగుతోంది, ఇంట్లోకి డబ్బు వస్తోంది, కాగితం నాణ్యత పెరుగుతోంది. అధ్యాయాల పైన ఖరీదు చీటీ అంటించి కథ నడిపిన రచయితను నేను ఇంకెక్కడా చూడలేదు.

ఆ మూడో పుస్తకం మొదట్లోనే అసలు మెలిక ఉంది. నీలం తోలు అట్ట, బంగారు నగిషీ. రాయడానికి ఎర్రటి ఫౌంటెన్ పెన్. సైమన్ ఇచ్చిన కానుకలు. ఇంతకంటే ఏం కావాలి? కానీ మొక్కబోయిన పెన్సిలు, స్టీఫెన్ కొనిచ్చిన షిల్లింగు నోట్సూ ఉన్నప్పుడే రాత బాగా సాగేదేమోనని ఆ పిల్ల గొణుక్కుంటుంది. చదివేవాడు దాన్ని ఓ ముచ్చటగా తీసుకుని దాటిపోతాడు. రెండోసారి చదివితే తెలుస్తుంది, అది సగం కథ. ఒకడు జేబులోని చిల్లర పెట్టి నోట్సు కొన్నాడు. ఇంకొకడు అడక్కుండానే తోలు అట్ట పుస్తకం పంపగలడు. మనసు రెండోవాడి వైపు పోతోందని కాసాండ్రా ఇంకా రాయలేదు. తనకే తెలియదు. చేయి మాత్రం తడబడుతోంది. 'నాకు ప్రేమ కలిగింది' అని రాయించడం సులువు. కలం మార్చి, ఆ కలం కుదరడం లేదనిపించడానికి చాలా సాధన ఉండాలి.

నవలంతా ఈ నియమం మీదే నిలబడింది. కాసాండ్రా చూసిందంతా రాస్తుంది, ఏమీ దాచదు. అయినా తన గురించి తనకంటే ముందు మనకే తెలిసిపోతుంది. సైమన్ అక్క కోసమే వస్తున్నాడని రాస్తూ, అతను ఎక్కడ నిలబడ్డాడో, ఏ మాట ఎలా అన్నాడో పూసగుచ్చినట్టు రాస్తుంది. నీల్ గురించి అంత ఓపికగా రాయదు. ఎవరి మీద ఎన్ని వాక్యాలు పడుతున్నాయో చూస్తే చాలు, మనసు ఎటు మొగ్గిందో తెలిసిపోతుంది. డైరీ రాసిన ప్రతి ఆడపిల్లకూ ఈ సంగతి తెలుసు. పాత డైరీ తీసి చూసుకుంటే 'వాడంటే నాకేం లేదు' అన్న మాట ఎన్ని పేజీల్లో ఉందో లెక్కపెట్టుకుని నవ్వుకుంటాం.

నవ్వు గురించి కూడా చెప్పాలి. పిల్లల ప్రేమ కథలు చాలావాటిని ఏడుపు ముంచేస్తుంది. దీనికి ఆ జబ్బు లేదు. మొదట్లో ఒక 'విచారణ' సన్నివేశం ఉంది. ఊరి టీచరమ్మ మిస్ మార్సీ ఇంటిల్లిపాదినీ కూర్చోబెట్టి, ఎవరు ఎంత సంపాదించగలరో కాగితం మీద రాస్తుంది. ఒక్కొక్కళ్ల పేరు పక్కనా సున్నా. తీరా చూస్తే, బయట పని చూసుకుని ఆ జీతం ఇంటికిస్తానన్నవాడు స్టీఫెన్ ఒక్కడే. ఇంకో రోజు ఉన్న బట్టలన్నిటికీ ఆకుపచ్చ రంగు వేస్తారు, చేతులూ ఆకుపచ్చే. అదే రాత్రి రోజ్, బట్టలారేసే చట్రం మీద ఎక్కి పైకి లాగించుకుని, గోడకున్న రాతి తల ముందు మొక్కుకుంటుంది, ఈ దరిద్రం వదిలించమని, దయ్యానికైనా అమ్ముడుపోతానని. వాకిట్లో అమెరికా అన్నదమ్ములు ప్రత్యక్షం. అప్పటికి కాసాండ్రా పొయ్యి పక్కన తొట్టెలో స్నానం చేస్తోంది, రంగు దిగి ఆ నీళ్లూ ఆకుపచ్చగానే ఉన్నాయి. నాటకాలు రాసిన చెయ్యి ఇక్కడ తెలుస్తుంది. ఎవరిని ఎప్పుడు ఏ తలుపులోంచి లోపలికి పంపాలో, అప్పుడు లోపలివాళ్లు ఏ అవస్థలో ఉండాలో డోడీ స్మిత్‌కు బాగా తెలుసు.

ఇంత నవ్వించినావిడ జూన్‌లో గొంతు మారుస్తుంది. మిడ్‌సమ్మర్ రాత్రి. అక్కచెల్లెళ్లిద్దరూ చిన్నప్పటినుంచీ ఆ రాత్రి కోట పక్కన దిబ్బ మీద మంట వేసి, పూలదండ కట్టి, ఏవేవో తంతులు జరుపుకుంటారు. మన బతుకమ్మ, అట్లతద్దిలాగా పెద్దలు నేర్పినది కాదు, పుస్తకాల్లో చదివి పోగుచేసుకున్న ఆట. ఈ ఏడు రోజ్ లండన్‌లో పెళ్లి బట్టలు కొనుక్కుంటోంది, సైమన్‌తో నిశ్చయమైంది. కాసాండ్రా ఒక్కతే. ఇంకా ఇవన్నీ ఆడే వయసేనా అని తనకే సిగ్గు, మానేస్తే ఏదో పోతుందని దిగులు. చివరిసారి అనుకుంటూ మంట వేస్తుంది. బాల్యం అయిపోవడమంటే ఏమిటో ఇన్నేళ్లలో ఎందరో రాయగా చదివాను. చివరిసారి అని తెలిసీ ఆడే ఆటలో దాన్ని పట్టుకున్నది మాత్రం ఈవిడే. ఆ మంట దగ్గరికి సైమన్ వస్తాడు. ఆ రాత్రే అతను ఆమెను ముద్దు పెట్టుకుంటాడు. అక్కకు కాబోయే మొగుడు.

ఆ తర్వాతి పేజీలు ఈ నవలకు గుండెకాయ. ఆనందం, ఆ వెంటనే అపరాధం, ఆ పైన అక్క అతన్ని ప్రేమించడం లేదేమోనన్న ఆశ, ఆ ఆశ పడ్డందుకు మళ్లీ సిగ్గు. దుఃఖం పోయే దారి వెతుక్కుంటూ కాసాండ్రా ఇద్దరి దగ్గరికి వెళుతుంది. ఊరి చర్చి ఫాదరీ భక్తి మాట ఎత్తుతాడు. మిస్ మార్సీ ఊళ్లో పిల్లలకు, ముసలివాళ్లకు సాయం చేయడంలో మనసు తేలికపడుతుందంటుంది. ఇద్దరివీ మంచి మాటలే, రచయిత్రి ఎవరినీ వెక్కిరించదు. అయితే కాసాండ్రా రెండు మందులనీ రుచి చూసి, రెండూ నొప్పి తెలియకుండా చేసేవేనని గ్రహిస్తుంది. తనకు నొప్పి తెలియడమే కావాలి. ఇంత పెద్ద మాటను ఉపన్యాసం కాకుండా, టీ తాగుతూ కబుర్లు చెప్పుకుంటున్నట్టుగానే నడిపారు.

లోపాలు లేవని కాదు. తండ్రి ఒకప్పుడు కేకు కోసే కత్తి పట్టుకుని భార్య మీదికి వెళ్లి మూడు నెలలు జైల్లో ఉన్నాడు. నవల దాన్ని నవ్వులాటగా దాటవేస్తుంది. ఈ కాలం పాఠకురాలు అలా దాటవేయలేదు, దాటవేయకూడదు కూడా. సైమన్‌ను కూడా రచయిత్రి చూసినంత మెత్తగా నేను చూడలేకపోయాను. నిశ్చయమైన పెళ్లి పక్కన పెట్టి పదిహేడేళ్ల మరదలిని ముద్దు పెట్టుకున్న పెద్దమనిషి అతను. ఇక స్టీఫెన్. పాత కవుల పద్యాలు ఎత్తిరాసి, తనవేనని కాసాండ్రాకు ఇచ్చుకునే అమాయకుడు. ఆ పిల్ల దొంగతనం కనిపెట్టీ, మనసు నొచ్చుకుంటాడని ఊరుకుంటుంది. చక్కటి సన్నివేశమే. కానీ ఆ అబ్బాయి చాకిరీ, అతని జీతం, అతని నోట్సు అన్నీ తీసుకున్న ఇల్లు అతనికి పడిన రుణం మాత్రం పుస్తకం పూర్తిగా తీర్చలేదు. కులం సంగతి తెలిసిన మనకి అతన్ని ఎందుకు ఎవరూ 'ఆ దృష్టితో' చూడలేదో వేరే వివరించక్కర్లేదు.

ముగింపు చెప్పేస్తున్నాను, కోప్పడకండి. తెలిసి చదివినా పాడయ్యేది కాదు. రోజ్ నీల్‌తో వెళ్లిపోతుంది. తండ్రిని కాసాండ్రా, థామస్ కలిసి బురుజులో పెట్టి తాళం వేసి మళ్లీ రాయించారు. సైమన్ అక్టోబరులో అమెరికా వెళ్లే ముందు వచ్చి, తనతో రమ్మన్నట్టుగా ఏదో అనబోతాడు. మన వారపత్రిక సీరియల్ అయితే ఇక్కడ శుభం కార్డు. కాసాండ్రా మాత్రం ఆ మాట పూర్తి కానివ్వదు. అతని మనసులో ఇంకా రోజ్ ఉందని, తను అడిగితే జాలిపడి ఒప్పుకుంటాడని ఆమెకు తెలుసు. కారు వెళ్లిపోతుంది. నోటు పుస్తకంలో సగం పేజీ మిగిలింది. దాన్నంతా ఒకే మాటతో నింపేద్దామా అనుకుని, మంచి కాగితం పాడు చేయడం ఎందుకని ఆగుతుంది. గుండె పగిలినా కాగితం ఖరీదు మరవని పిల్ల! చివరికి మార్జిన్ మాత్రమే మిగులుతుంది. అందులో ఆ మాట రాసుకుంటుంది.

సింకు దగ్గర వెలుతురు ఆదా, ఇక్కడ కాగితం ఆదా. మొదటి పేజీలో పేదరికం చేయించిన పొదుపు చివరి పేజీకి ఒక స్వభావం అయిపోయింది. మార్చిలో తన చుట్టూ ఉన్న కోటను అక్షరాల్లో పట్టాలని మొదలుపెట్టిన పిల్ల, అక్టోబరుకు ఎవరినీ పట్టి ఉంచకుండా వదలడం నేర్చింది.

2003లో దీన్ని సినిమా తీశారు, రొమోలా గరాయ్ కాసాండ్రాగా. బాగానే ఉంటుంది, కానీ అందులో నోటు పుస్తకాల ఖరీదు కనిపించదు. అదే ఏడాది బీబీసీ బ్రిటన్ పాఠకుల చేత ఇష్టమైన నవలలు ఎన్నిక చేయిస్తే ఇది 82వ స్థానంలో నిలిచింది. నన్నడిగితే ఇంకా చాలా పైన ఉండాలి.

మీ ఇంట్లో ఇంటరో డిగ్రీయో చదివే పిల్ల ఉండి, ఇంగ్లీషు నవల చదవగలిగితే, ఇది కొని బల్ల మీద పెట్టండి. ఎంతదాకా వచ్చావని అడక్కండి. పక్కనే ఒక వంద పేజీల నోట్సు, పెన్సిలు కూడా పెట్టండి. తోలు అట్టది వద్దు.