జన్యు వరుసల పేర్పు - ఖాళీలు చెప్పని సంగతి

ఖమ్మము సీమనుండి భద్రాచలము వరకు గల అడవులలో కోయలు తరతరములుగా నివసించుచున్నారు. వారి పూర్వులెవరను ప్రశ్నకు నేడు డి.ఎన్.ఎ.లో సమాధానము వెదకుచున్నారు. 2003లో కివిసిల్డ్ మున్నగు శాస్త్రజ్ఞులు కోయల, చెంచుల జన్యువులను వివిధ కులములవారి జన్యువులతో పోల్చి, గిరిజనులకును కులములవారికిని గల వారసత్వము చాలవరకు ఒకే ప్రాచీన మూలమునుండి వచ్చినదని తేల్చిరి. ఇట్టి పరిశోధనలకు మొదటి మెట్టు, పలువురి జన్యు వరుసలను అక్షరము క్రింద అక్షరము వచ్చునట్లు పేర్చుట. ఈ పని చేయు కంప్యూటరు ప్రోగ్రాములను ఎంతవరకు నమ్మవచ్చును?

తల్లినుండి బిడ్డకు సంక్రమించు మైటోకాండ్రియా డి.ఎన్.ఎ.లో సుమారు 16,569 అక్షరములు కలవు. కొందరిలో ఒకచోట అక్షరములు లోపించును. అచ్చట ఖాళీ విడువవలెను. 1988లో హిగ్గిన్స్, షార్ప్ అనువారు రూపొందించిన క్లస్టల్, మిక్కిలి పోలిక గల వరుసలను ముందుగా జతపరచి, తక్కినవానిని క్రమముగా చేర్చును. దీనివలన పని సులువైనది. కాని మొదట పెట్టిన ఖాళీ తప్పైనను అది అట్లే నిలిచిపోవును. 2004లో ఎడ్గార్ రచించిన మజిల్, పేర్చినదానిని విడదీసి మరల మరల సరిచూచును. ఇది నిశ్చయముగా మెరుగు.

అయినను అసలు చిక్కు తీరలేదు. మైటోకాండ్రియాలో ఒకచోట 'సిసిసిసిసిటిసిటిఎ' అను తొమ్మిది అక్షరముల మాట వెంటవెంటనే రెండుసార్లు వచ్చును. కొందరిలో ఒక్కసారియే ఉండును. పోయినది మొదటిదా, రెండవదా? వరుసను చూచి చెప్పుట అసాధ్యము. ప్రోగ్రాము మాత్రము ఏదో ఒకచోట ఖాళీ పెట్టి ఊరకుండును. తన సందేహమును తెలుపదు. అంతేకాదు, ఆ ఖాళీ గలవారందరు ఒకే నిలువు గడిలో చేరి ఒక్క పూర్వికురాలి సంతతివలె కన్పట్టుదురు. కాని ఈ లోపము దక్షిణ భారతమున వేర్వేరుగా ఒకటికంటె ఎక్కువసార్లు పుట్టినదని 1999లో వాట్కిన్స్ ప్రభృతులు చూపిరి. అదే డి.ఎన్.ఎ.లోని ఇతర మార్పులను కూడ పరిశీలించినందుననే ఈ సంగతి బయటపడెను. ఖాళీ ఒకటైనంతమాత్రమున మూలము ఒకటి కాదు.

2022లో వెలువడిన మజిల్ క్రొత్త కూర్పు ఒక్క పేర్పుతో తృప్తిపడక, సాధ్యమగు పెక్కు పేర్పులను ముందుంచును. వానియన్నిటిలో నిలిచిన ఫలితమే నమ్మదగినది. సందేహమును దాచక చూపుట ఈ సాధనమునందలి ముఖ్యమైన గుణము. అయినను ఒకే మార్పు రెండు తావుల పుట్టినదా లేదా అని విచారించు బాధ్యత పరిశోధకునిదే. ఒక జాతి పుట్టుపూర్వోత్తరములను నిర్ణయించునప్పుడు ఆ బాధ్యతను యంత్రమునకు వదలుట తగదు.