డీకోడర్ కాలకముందే

మోడల్ రైలు ఇంజనులో డీకోడర్ అంటే చిన్న సర్క్యూట్ బోర్డు. పట్టాల మీదుగా వచ్చే కరెంటులోంచే తన పేరున వచ్చిన ఆదేశాన్ని ఏరుకుని, ఆ ప్రకారం మోటారునీ దీపాలనీ నడపడం దాని పని. పాత డీసీ పద్ధతిలో ఈ ఏర్పాటు లేదు. కంట్రోలర్ తిప్పి పట్టాలకి వోల్టేజీ పెంచితే వాటి మీదున్న ఇంజన్లన్నీ కదిలేవి, తగ్గిస్తే అన్నీ ఆగేవి. డిజిటల్ కమాండ్ కంట్రోల్, అదే డీసీసీ, వచ్చాక పట్టాల్లో ఎప్పుడూ పూర్తి వోల్టేజీ ఉంటుంది. కాలవ నిండా నీళ్ళుంటే ఏ చేను తూము ఆ చేను రైతు ఎత్తుకున్నట్టు, ఏ ఇంజనుకి కావలసింది దాని డీకోడరే తీసుకుంటుంది.

1980ల్లో జర్మనీలోని లెంజ్ ఎలక్ట్రానిక్ సంస్థ ఆర్నాల్డ్, మార్క్‌లిన్ కంపెనీల కోసం ఈ పద్ధతికి రూపమిచ్చింది. దాని ఆధారంగానే 1990ల్లో అమెరికాలోని నేషనల్ మోడల్ రైల్‌రోడ్ అసోసియేషన్ ఉమ్మడి ప్రమాణాలు తెచ్చింది. ఒక కంపెనీ డీకోడర్ ఆదేశాలు పంపే మరో కంపెనీ కమాండ్ స్టేషన్ మాట వింటోందంటే ఆ ప్రమాణాల చలవే. సంకేతం తీరు తేలికే. పట్టాల్లో వోల్టేజీ క్షణక్షణం అటూ ఇటూ తిరగబడుతుంది. ఒక్కో సగం 58 మైక్రోసెకన్లుంటే అది 1, 100 మైక్రోసెకన్లో ఆపైనో ఉంటే 0. ప్రతి ఆదేశం చివరా సరిచూసుకోవడానికి ఒక బైటు ఉంటుంది. లెక్క కుదరకపోతే డీకోడర్ ఆ ఆదేశాన్ని వదిలేస్తుంది. మురికి పట్టా మీద ఇంజను మొండికేసినట్టు కనిపించడానికి ఇదొక కారణం.

కోనసీమలో ఈ సరదాకి ఒక వింత సందర్భం ఉంది. కాకినాడ నుంచి కోటిపల్లికి 1928లో వచ్చిన రైలు మార్గాన్ని రెండో ప్రపంచ యుద్ధ కాలంలో, 1940లో, పీకేశారు. మళ్ళీ పట్టాలు వేసి బండి తిప్పింది 2004లో. అక్కణ్ణుంచి గౌతమి, వైనతేయ, వశిష్ఠ పాయలు దాటి నర్సాపురం చేరాల్సిన మార్గం 2000-01లో మంజూరైంది. లోక్‌సభ స్పీకరుగా ఉండగా జీఎంసీ బాలయోగి దానికోసం గట్టిగా పట్టుబట్టారు. అమలాపురం, రాజోలు, కొత్తపేటల్లో ఇంకా రైలు కూత వినబడదు. కాబట్టి బల్ల మీద తిరిగే హెచ్‌ఓ స్కేలు బండే ప్రస్తుతానికి ఊళ్ళోకి వచ్చిన రైలు. ఆ బండిలోనూ ఒక రాజీ ఉంది. మన బ్రాడ్‌గేజ్ 1676 మిల్లీమీటర్లు. హెచ్‌ఓ స్కేలైన 1:87 లెక్కన అది 19 మిల్లీమీటర్లు దాటాలి. హెచ్‌ఓ పట్టాల మధ్య వెడల్పు 16.5 మాత్రమే, ఎందుకంటే అది విదేశాల 1435 గేజీకి కుదిరిన కొలత. ఆ తేడా కంటికి ఆనదు. డీకోడర్ బిగింపులో తేడా వస్తే మాత్రం పొగై కనిపిస్తుంది. పైగా డీకోడర్ సందు చివర కొట్లో దొరికే వస్తువు కాదు. కాలిపోతే పార్సిల్ కోసమో, అమెరికా నుంచి దిగే బంధువు పెట్టె కోసమో ఎదురుచూడాలి. అందుకని పరీక్షల వరుస ఇక్కడ మరింత ముఖ్యం.

మొదటి పరీక్ష ఇంజనుకే, డీకోడర్ ఇంకా అట్టపెట్టెలో ఉండగానే. ఇంజనుని మామూలు డీసీ మీద రెండు వైపులా నడిపి చూడాలి. డీసీ మీద కుంటే ఇంజను డీకోడర్ పెట్టాక ఇంకా కుంటుతుంది. పళ్ళచక్రాల్లో గడ్డకట్టిన గ్రీజు, చక్రాల అంచున పేరుకున్న మసి, అరిగిన బ్రష్‌లు వంటి వాటిని ముందే చక్కబెట్టుకోవాలి. ఆ తర్వాత 12 వోల్టులిచ్చి, వేలితో ఫ్లైవీల్‌ని ఒక్క క్షణం ఆపి, మోటారు ఎంత కరెంటు లాగుతోందో మీటరులో చూడాలి. హెచ్‌ఓ డీకోడర్లు సాధారణంగా ఒక ఆంపియరు నిలకడగా, రెండు ఆంపియర్లు కాసేపు మోయగలవు. ఆపి పట్టుకున్న మోటారు అంతకు మించి లాగితే మోటారన్నా మార్చాలి, పెద్ద డీకోడరన్నా తేవాలి. పాతకాలపు మోటార్లతో ఈ ఇబ్బంది ఎక్కువ.

అసలు ప్రాణం మోటారు ఇన్సులేషన్‌లో ఉంది. డీసీ ఇంజన్లలో మోటారు బ్రష్‌కి ఒక వైపు కరెంటు నేరుగా లోహపు ఛాసిస్ నుంచే అందడం మామూలు. ఎథర్న్ కంపెనీ పాత ఇంజన్లలో మోటారు అడుగునున్న రేకు ఛాసిస్‌ని తాకుతూనే ఉంటుంది. డీసీకి అది సుఖం. ఒక తీగ మిగిలింది. డీసీసీకి అదే యముడు. డీకోడర్ నుంచి మోటారుకి వెళ్ళే దారిలోకి పట్టాల కరెంటు అడ్డంగా చొరబడితే, అందులోని ట్రాన్సిస్టర్లు రెప్పపాటులో పోతాయి. చిప్పు మీద చిన్న బుడగ, ముక్కుకి ఘాటైన వాసన. ఇక చేసేదేమీ ఉండదు. కంపెనీ నాసిరకం సరుకు అంటగట్టిందని తిట్టుకునే వాటిలో ఎక్కువ భాగం ఇలా కాలినవేనని అనుకోవడం న్యాయం.

పరీక్షకి మల్టీమీటరు చాలు, అదీ ఖరీదైనది అక్కర్లేదు. మోటారుకి పాత తీగలన్నీ విప్పేసి, మీటరుని కంటిన్యూటీ బజర్ మీద పెట్టాలి. మోటారు ఒక కొసని ముందు కుడి చక్రాలతో, తర్వాత ఎడమ చక్రాలతో. రెండో కొసని మళ్ళీ అలాగే. నాలుగింట్లో ఏ ఒక్కదానికీ మీటరు కూయకూడదు. కూస్తే మోటారు కింద కరెంటు పారనివ్వని కాప్టన్ టేపు వేసి, లోహపు స్క్రూ ఉంటే నైలాన్‌ది మార్చి మళ్ళీ చూడాలి. మోటారుని ఛాసిస్‌లో బిగించాక ఇదే పరీక్ష రెండోసారి చెయ్యాలి. విడిగా నెగ్గిన మోటారు బిగించాక తప్పడం కొత్తేమీ కాదు. మోటారు కొసల మధ్య రేడియో రొద అణచడానికి పెట్టిన కెపాసిటర్ కనిపిస్తే తీసెయ్యడం మేలు. వేగాన్ని నిలకడగా ఉంచే బ్యాక్ ఈఎమ్‌ఎఫ్ పద్ధతికి అది అడ్డు తగులుతుంది.

తీగల రంగులు ఒక భాష లాంటివి కావు, అచ్చమైన ఒప్పందం. ఎరుపు కుడి పట్టాకి, నలుపు ఎడమ పట్టాకి, నారింజ, బూడిద రంగులు మోటారుకి. తెలుపు ముందు దీపానికి, పసుపు వెనక దీపానికి, నీలం దీపాలన్నింటికీ ఉమ్మడి పాజిటివ్. నీలాన్ని ఛాసిస్‌కి తగలనివ్వకూడదు. ఇప్పటి ఇంజన్లలో ఎనిమిది కాళ్ళ సాకెట్ తయారుగా వస్తుంది కాబట్టి టంకం పని తప్పుతుంది, కానీ దాన్ని తిరగేసి గుచ్చే వీలుంది. అదృష్టమేమిటంటే, ఆ సాకెట్ అమరిక తెలివైనది. తిప్పి గుచ్చితే ఎరుపు నలుపు స్థానంలోకి, నారింజ బూడిద స్థానంలోకి, నీలం ఆకుపచ్చ స్థానంలోకి పోతాయి. సాధారణంగా ఏదీ కాలదు. దీపాలు వెలగవు, ఇంజను వెనక్కి నడుస్తుంది. ఈ రెండు లక్షణాలూ కలిసి కనబడితే తీసి, తిప్పి గుచ్చితే సరి.

దీపాల దగ్గర తొందర పనికిరాదు. డీకోడర్ దీపాలకిచ్చే వోల్టేజీ ఇంచుమించు పట్టాల వోల్టేజీయే, హెచ్‌ఓలో 14 దాకా. పాత ఇంజన్లలోని ఒకటిన్నర వోల్టుల బుడ్డి బల్బు ఆ దెబ్బకి ఒక్క మెరుపు మెరిసి ఆరిపోతుంది. ఎల్‌ఈడీ పెట్టుకుని, దానికి వరుసలో వెయ్యి ఓముల రెసిస్టర్ కలిపితే ఏళ్ళ తరబడి వెలుగుతుంది.

టంకం విషయంలో అమలాపురం వాసులకి ఒక వసతి ఉంది: సెల్‌ఫోన్ రిపేరు షాపులు. సన్నటి మొన ఉన్న ఐరన్, భూతద్దం, ఐపీఏ (ఐసోప్రొపైల్ ఆల్కహాల్) సీసా అక్కడ పొద్దస్తమానం పనిలోనే ఉంటాయి. చెయ్యి వణికే వాళ్ళు ఆ కుర్రాళ్ళ చేత నాలుగు తీగలు అతికించుకోవడం తెలివైన పని. రేకుల పనికి వాడే ఆమ్లం కలిసిన ఫ్లక్స్ మాత్రం దగ్గరికి రానివ్వకూడదు. రోజిన్ ఫ్లక్సే వాడాలి. ఆమ్లం మిగిలితే తీగని లోలోపల తినేస్తుంది. తుడవడానికి థిన్నర్ కూడా వద్దు, ఇంజను రంగూ ప్లాస్టిక్కూ కరుగుతాయి. అతుకుల మీదికి ష్రింక్ ట్యూబు చాలు. నల్ల ఇన్సులేషన్ టేపు మే నెల ఎండకి జిగురు కారి జారిపోతుంది, పైగా డీకోడర్ చుట్టూ చుడితే వేడి బయటికి పోదు. శీతల దేశాల్లో చలికాలపు పొడి గాలి వల్ల ఒంట్లో పుట్టే స్టాటిక్ కరెంటు చిప్పుల్ని చంపుతుందని హెచ్చరిస్తారు. గోదావరి గాలిలోని తేమ వల్ల ఇక్కడ ఆ బెడద తక్కువ.

తేమ చేసే కీడు వేరే ఉంది. అంతర్వేది, ఓడలరేవు వైపు ఉప్పుగాలికి చక్రాలని రాసుకునే ఇత్తడి, కంచు రేకులు చిలుము పడతాయి. నికెల్ సిల్వర్ పట్టాలూ మసకబారతాయి. నడుస్తూ నడుస్తూ ఇంజను తడబడటం, దీపం మిణుకుమనడం, మోత ఇంజనైతే శబ్దం ఆగి మొదటినుంచి మొదలవడం ఈ పొర పనే. పట్టాలని ఉప్పు కాగితంతో రుద్దితే ఆ పూటకి మెరుస్తాయి, ఆ గీతల్లో మురికి మరింత కూర్చుంటుంది. ఐపీఏ తడిపిన గుడ్డతో తుడవడం నిదానమైన మందు.

కరెంటు మొదటిసారి ఇచ్చేది ప్రధాన లైనులో కాదు, ప్రోగ్రామింగ్ ట్రాక్ మీద. అక్కడ కమాండ్ స్టేషన్ కరెంటుని పరిమితం చేసి ఇస్తుంది కాబట్టి, తప్పున్నా డీకోడర్ బతుకుతుంది. అది అడిగే ప్రశ్నకి డీకోడర్ మోటారుని ఒక్క క్షణం తట్టి, 60 మిల్లీ ఆంపియర్ల కరెంటుని 6 మిల్లీసెకన్ల పాటు లాగి అవునని చెబుతుంది. ఇంజను చిన్నగా ఉలిక్కిపడేది అందుకే. జవాబు రాకపోతే మోటారు తీగ ఊడి ఉండొచ్చు, చక్రాలు మురికిపట్టి ఉండొచ్చు. కరెంటు ఆగినా నడిపించే కీప్ అలైవ్ కెపాసిటర్ ఉంటే అదీ జవాబుని మింగెయ్యగలదు. ప్రధాన లైను మీదికి తెచ్చేటప్పుడు తొలిసారికి 12 వోల్టుల బైకు ఇండికేటర్ బల్బుని వరుసలో కలిపితే మంచిది. షార్టుంటే బల్బు భగ్గున వెలుగుతుంది, డీకోడర్ మిగులుతుంది.

తీగలన్నీ సరిగా ఉండి ఇంజను వింతగా ప్రవర్తిస్తే తప్పు సెట్టింగుల్లో ఉంటుంది. డీకోడర్ జ్ఞాపకంలోని ఈ అరల్ని సీవీలంటారు. కొత్త డీకోడర్ చిరునామా, అంటే సీవీ 1, సాధారణంగా 3. ఏమీ పలకని ఇంజనుని ముందు 3 అని పిలిచి చూడాలి. చిరునామా సరిగ్గా ఉండి, దీపాలు వెలుగుతూ, ఇంజను కదలకపోతే సీవీ 19 చూడాలి. ఎప్పుడో రెండు ఇంజన్లని జంటగా నడిపినప్పటి నంబరు అందులో మిగిలిపోయి ఉంటుంది. సున్నా రాస్తే విడిపోతుంది. వేగం పెంచుతుంటే దీపం వెలుగుతూ ఆరుతూ ఉంటే కంట్రోలరు 28 మెట్ల లెక్కలోనూ, డీకోడర్ 14 మెట్ల లెక్కలోనూ ఉన్నాయని అర్థం. ఉన్నట్టుండి ఇంజను పూర్తి వేగంతో దూసుకుపోయిందంటే, సంకేతం తెగిన క్షణంలో పట్టాల కరెంటుని పాత డీసీ అనుకుందన్నమాట. సీవీ 29లో డీసీ అనుమతి విలువ 4. 6 ఉంటే 2 చెయ్యాలి, నాలుగంకెల చిరునామాతో 38 ఉంటే 34.

వెనక్కి నడిచే ఇంజను దగ్గర చాలామంది తప్పటడుగు వేస్తారు. ముందుకన్నప్పుడు ముందు దీపమే వెలిగి, ఇంజను మాత్రం వెనక్కి పోతే నారింజ, బూడిద తీగలు తారుమారయ్యాయి; వాటినే మార్చాలి. సీవీ 29కి ఒకటి కలిపి సరిపెడితే నడక సరవుతుంది, దీపాలు తిరగబడతాయి. దీపమూ నడకా రెండూ కలిసి తిరగబడినప్పుడే ఆ ఒకటి పనికొస్తుంది. ఎక్కడ చిక్కుపడిందో తెలియనంత గందరగోళమైతే, చాలా కంపెనీల డీకోడర్లలో సీవీ 8లో 8 రాస్తే కొత్తదానిలా మారుతుంది. కొన్ని కంపెనీలది వేరే దారి, కాగితం చదువుకోవాలి.

అనేక ఇంజన్లు ఒకే చోట తడబడుతుంటే తప్పు పట్టాలది. లైనులో అన్నింటికన్నా దూరపు చోట రూపాయి బిళ్ళని రెండు పట్టాల మీద అడ్డంగా పెడితే పట్టాలకి కరెంటిచ్చే బూస్టరు తక్షణం ట్రిప్పవ్వాలి. అవకపోతే అక్కడికి వెళ్ళే తీగ సన్నం, లేదా అతుకు వదులు. విదేశం నుంచి తెచ్చిన కమాండ్ స్టేషన్ అయితే దాని అడాప్టర్ మీద రాసింది చూడకుండా ప్లగ్గు పెట్టకూడదు. 120 వోల్టులకే చేసినది మన 230 వోల్టులకి తట్టుకోదు. 100-240 అని ఉంటే బాధ లేదు.

ఆఖరి ప్రమాదం మూత వేసేటప్పుడు. ఛాసిస్‌కీ బాడీకీ మధ్య తీగ నలిగితే పైతొడుగు చిట్లి, పరీక్షలన్నీ నెగ్గిన ఇంజను అక్కడ షార్టవుతుంది. తీగలు మోటారు పక్కన ఇరుసు మీదా పళ్ళచక్రాల మీదా పడకుండా కాప్టన్ టేపుతో ఒక వైపుకి అణచాలి. డీకోడర్‌ని ఛాసిస్ లోహానికి ఆనకుండా రెండు వైపులా అతికే నురుగు టేపు మీద కూర్చోబెట్టాలి. స్క్రూలు బిగించాక మీటరుతో కుడి, ఎడమ చక్రాల మధ్య ఒకసారి కొలిచి, సున్నా ఓములు రాలేదని చూసుకుని, ఇంజనుని తిరిగి ప్రోగ్రామింగ్ ట్రాక్ మీదే పెట్టి చిరునామా చదివించాలి. 3 అని జవాబొస్తే లైను మీదికి తేవచ్చు.