తెగడానికే పూసిన దారం

సూరత్ పాతబస్తీలో డబ్గర్‌వాడ్ అని ఒక పేట ఉంది. గాలిపటాల పండుగ ఉత్తరాయణం దగ్గరపడుతుంటే అక్కడి వీధుల్లోకి పెద్ద పెద్ద చరఖాలు దిగుతాయి. జనం తెల్లదారం రీళ్లు సంచిలో వేసుకొచ్చి, ఏ రంగు కావాలో, పూత ఎంత పదునుగా ఉండాలో చెప్పి అప్పగించి పోతారు. గుజరాత్‌లో ఏ ఊళ్లోనైనా గాలిపటాల సంగతి తెలిసినవాణ్ణి అడగండి, సురతీ మాంజా పేరు గౌరవంగానే పలుకుతాడు. ఆ గౌరవం ఊరికే రాలేదు. దారానికి మాంజా పట్టించేవాడి వేళ్లను దగ్గర నుంచి చూస్తే దాని మూలం తెలుస్తుంది.

ముడిసరుకు చూస్తే ఏముంది? నూలుదారం, అన్నం గంజి, బంక, రంగు, వస్త్రగాళితం పట్టిన గాజుపొడి. వీటికి తోడు ఎవరి ఇంటి మందు వాళ్లకుంటుంది, దాన్ని పైవాళ్లకు చెప్పరు. పాళ్లు తెలిసినా పని రాదు. గంజి పల్చనైతే గాజు నిలవదు, చిక్కనైతే దారం మీద గడ్డలు కడుతుంది. గాజు మరీ మెత్తనైతే కోత లేదు, గరుకైతే ఎదుటి దారం కంటే ముందు తన దారాన్నే తింటుంది. తేమ ఎక్కువున్న రోజున ఆరుదల మారుతుంది కాబట్టి నిన్నటి పాకం ఇవాళ పనికిరాకపోవచ్చు. తాపీ నది ఒడ్డున, సముద్రానికి దగ్గరలో ఉన్న ఊరు ఇది. గాలిలో తడిని లెక్కలోకి తీసుకోకుండా ఇక్కడ ఎవరూ గిన్నె కలపరు.

దారం ఆ ముద్దలోంచి, వేళ్ల మధ్య నుంచి, తిరుగుతున్న చరఖా మీదికి పోతుంటుంది. పనంతా ఆ వేళ్ల దగ్గరే ఉంది. చూపుడువేలికి, బొటనవేలికి గుడ్డపేలిక చుట్టుకుంటారు, అయినా కోతలు తప్పవు. వేళ్లు బిగిస్తే పూత ఊడిపోతుంది, వదిలితే ఒకచోట మందంగా, ఒకచోట బోసిగా పడుతుంది. వేల గజాల రీలులో మొదటి గజానికీ చివరి గజానికీ తేడా తెలియకూడదు. అంతసేపూ ఒత్తిడి మారకుండా పట్టగలగడం కండబలంతో అయ్యేది కాదు. మగ్గం మీద పోగు బిగువును చేత్తో కనిపెట్టే నేతగాడికి ఈ విద్య ఇట్టే అర్థమవుతుంది. సూరత్‌లోని లింబాయత్, ఉధ్నా ప్రాంతాల పవర్‌లూమ్‌ల్లో మన తెలంగాణ పద్మశాలీలు తరాలుగా పనిచేస్తున్నారు. దారం చెప్పే మాట వినడం వాళ్లకు పుట్టుకతో వచ్చిన చదువు.

ఆ సమానత ఎందుకంత ముఖ్యమో పేచీ పడ్డప్పుడు బయటపడుతుంది. మన హైదరాబాద్ మిద్దెల మీద ‘డీల్’, ‘ఖీంచ్’ అంటూ అరుచుకునే ఆ రెండు పద్ధతులే సూరత్‌లోనూ ఉన్నాయి. డీల్‌లో దారం వదులుతూ పోతారు. రెండు దారాలు ఒకదాన్నొకటి రాసుకుంటూ, క్షణక్షణం కొత్త గజం పోట్లాటలోకి వస్తుంది. ఎక్కడో ఒక బెత్తెడు బోసిగా ఉంటే పటం అక్కడే పోతుంది. ఖీంచ్‌లో ఒక్క గుంజు, అంతే. కొద్ది గజాల దారం మెరుపులా ఎదుటివాడి దారాన్ని కోసుకుపోవాలి, అదే గుంజుకు తాను తెగకుండా ఆగాలి. ఒకదానికి నునుపు కావాలి, ఇంకొకదానికి గరుకు కావాలి. మాంజా పట్టించే మంచి పనివాడు ఈ రెంటి మధ్య ఎక్కడ ఆగాలో కొనేవాడి ఆట చూసి నిర్ణయిస్తాడు. ఎంతో పేరున్న దారమైనా ఎవరో ఒకరి చేతిలో తెగుతుంది. తెగాలి కూడా. పటం తెగగానే అరిచే ‘కాయ్ పో ఛే’ కేక మిద్దె మిద్దెకూ పాకాలంటే ఒక దారం ఓడిపోవాలి. కోసేంత పదును, తెగేంత మెతక, రెండూ ఒకే దారంలో కూర్చడమే ఈ పనితనం. నాకు ఇందులో అన్నిటికంటే గొప్పగా కనిపించేది ఆ ఓటమికి చోటు వదిలిన తీరు.

చైనా మాంజా అని పిలిచే నైలాన్ దారం చెడగొట్టింది సరిగ్గా ఇదే. దానికి ఆ పేరున్నా అది చైనా నుంచే రానక్కర్లేదు, మన దేశంలోనూ తయారవుతుంది. నూలుదారం పోగులు పురిపెట్టి పేనింది. లాగితే కొద్దిగా సాగి పుటుక్కున తెగుతుంది, ఎండకూ వానకూ కొన్నాళ్లకు చివికిపోతుంది. నైలాన్‌ది ఒంటి తీగ. సాగుతుంది, తొందరగా తెగదు, చెట్టుకు చిక్కుకుంటే ఏళ్ల తరబడి అక్కడే వేలాడుతుంది. లోహపు పొడి పూస్తే కరెంటు తీగలకు తగిలి ప్రాణం తీస్తుంది. బండి మీద పోయేవాడి మెడకు నూలుదారం తగిలితే అది తెగే అవకాశమైనా ఉంది. నైలాన్ తగిలితే తెగేది మెడే. 2024 సంక్రాంతికి హైదరాబాద్ లంగర్‌హౌస్ ఫ్లైఓవర్ మీద మన తెలుగు సైనికుడొకరు అలాగే పోయారు. సూరత్‌లో పండుగ రోజుల్లో ఫ్లైఓవర్ల మీదికి ద్విచక్ర వాహనాలను రానివ్వరు. హ్యాండిల్ ముందు ఇనుప కమ్మీ వంచి బిగించుకున్న బళ్లు ఆ ఊరి రోడ్ల మీద ఇప్పుడు మామూలు దృశ్యం. పక్షుల సంగతి వేరే చెప్పాలా? గాయపడ్డవాటిని కాపాడటానికి గుజరాత్ ప్రభుత్వం ఏటా జనవరిలో కరుణా అభియాన్ నడుపుతోంది.

ఈ నైలాన్ దారంలా ఆటలో ఒప్పుకోని సామాను వాడితే శిక్ష ఎలా ఉండాలన్న ప్రశ్నకు అమెరికన్ సాఫ్ట్‌బాల్‌లో ఒక చక్కని జవాబుంది. అక్కడ యాభై దాటినవాళ్లకు వేరుగా పోటీలు జరుగుతాయి. కాంపోజిట్ బ్యాట్ లోపలి గోడను గుట్టుగా చెక్కి పల్చన చేస్తే బంతి రెట్టించిన దూకుడుతో వెళుతుంది, యాభై అడుగుల దూరం నుంచి బంతి విసిరే పెద్దాయన తప్పుకునే లోపే మీద పడుతుంది. అందుకే నియమాలు రెండు తప్పుల్ని విడదీశాయి. అనుమతి లేని బ్యాట్‌తో బ్యాటింగ్ గీతలోకి వస్తే ఆటగాడు ఔట్, రన్నర్లు ముందుకు జరగకూడదు. చెక్కి మార్చిన బ్యాట్‌తో వస్తే ఔటుతో పోదు, మైదానం నుంచే బయటికి పంపేస్తారు. తెలియక తెచ్చినవాణ్ణి ఒక మెట్టు మీద, కావాలని మోసం చేసినవాణ్ణి ఇంకో మెట్టు మీద నిలబెట్టారన్నమాట. శిక్ష రాసినవాళ్లకు బ్యాట్ తయారీ లోతుగా తెలుసని ఆ తేడాలోనే కనిపిస్తుంది.

మన మాంజా చట్టంలో ఈ మెట్లు అంత స్పష్టంగా లేవు. 2017 జూలై 11న జాతీయ హరిత ట్రిబ్యునల్ నైలాన్‌తో గానీ మరే సింథటిక్ పదార్థంతో గానీ చేసిన మాంజాను, సింథటిక్ పూత ఉండి మట్టిలో కలవని దారాన్ని దేశమంతటా నిషేధించింది. శిక్షకు ఒక ఆధారం 1986 నాటి పర్యావరణ పరిరక్షణ చట్టం. అప్పట్లో దాని 15వ సెక్షన్ కింద ఐదేళ్ల దాకా జైలు, లక్ష దాకా జరిమానా. 2024 ఏప్రిల్ నుంచి జన్ విశ్వాస్ సవరణలు అమల్లోకి వచ్చి జైలు స్థానంలో పదివేల నుంచి పదిహేను లక్షల వరకు జరిమానా నిలిచింది. ఈ మాంజాను నిషేధిస్తూ పోలీసు కమిషనర్ ఇచ్చిన ఉత్తర్వును మీరితే భారతీయ న్యాయ సంహిత 223వ సెక్షన్ ఉంది. దానివల్ల మనిషి ప్రాణానికి ముప్పు కలిగితే ఏడాది దాకా జైలు, ఐదువేల దాకా జరిమానా. గోదాములో పెట్టెలకు పెట్టెలు దాచిన వ్యాపారి, మిద్దె మీద పటం ఎగరేసే కుర్రాడు ఒకే తప్పు చేసినట్టు ఈ సెక్షన్లు చదివితే అనిపిస్తుంది. పెద్ద జరిమానా మొదట గోదామును వెతుక్కుంటూ పోవాలి.

ఇక్కడిదాకా సురతీ పనివాడు చట్టం వైపే ఉన్నాడు. నైలాన్ అతని పొట్ట కొట్టింది కూడా. కానీ 2025 జనవరిలో గుజరాత్‌లో గాజుపొడి పూసిన నూలుదారం కూడా నిషేధంలోకి వచ్చింది. సడలించమని తయారీదారులు హైకోర్టుకు వెళ్లినా ఊరట దొరకలేదు. ఢిల్లీ 2017లోనే గాజు, లోహం లేని నూలుదారాన్నే అనుమతించింది. కోతకు గురైన పక్షి రెక్కకు అది నూలా నైలానా అన్న తేడా ఉండదు కాబట్టి ఈ నిషేధాన్ని నేను కాదనలేను. ఈ పనితనాన్ని ఇంతగా మెచ్చుకుంటూ ఈ మాట రాయడం కష్టంగానే ఉంది.

అయితే గాజు పోయినంత మాత్రాన ఆ వేళ్లకు పని లేకుండా పోవాలా? గంజి పాకం, సమానమైన పూత, ఆరుదల, బిగువు ఇవన్నీ గాజుకు ముందు నుంచీ ఉన్న విద్య. గంజి పట్టించి నున్నగా బిగించిన నూలుదారంతో పటం నిలకడగా ఎగురుతుంది. కోత తగ్గిన పోటీలో గుంజే చెయ్యి, వదిలే చెయ్యి ఇంకా ఎక్కువగా లెక్కకొస్తాయి. నిషేధించిన ప్రభుత్వమే డబ్గర్‌వాడ్ పనివాళ్లను కూర్చోబెట్టి, గాజు లేని పూతల్ని పరీక్ష చేయించి, నిలిచిన పాకానికి ముద్ర వేసి ఇస్తే వాళ్ల జీవనం సాగుతుంది, కొనేవాడికీ భరోసా ఉంటుంది. జరిమానా ఎంతో రాసినంత వివరంగా, ఏ దారం అమ్మవచ్చో కూడా రాయాలి.

అప్పటిదాకా కొనేవాళ్ల చేతిలో ఒక పరీక్ష ఉంది. నూలు మిల్లుల్లో పనిచేసినవాళ్లకు ఇది తెలిసిందే. మూరెడు దారం తుంచి కొసకు అగ్గిపుల్ల అంటించండి. నూలైతే కాగితం కాలిన వాసనతో మెత్తటి బూడిదవుతుంది. నైలానైతే కరిగి ముడుచుకుని, కొసన గట్టి పూసలా మిగులుతుంది. పూస కనిపిస్తే ఆ రీలు అక్కడే వదిలేసి, దుకాణం సంగతి దగ్గర్లోని పోలీస్ స్టేషన్‌లో చెప్పండి.