వేల్పూర్ పసుపు, వంటింటి రోలు

పెళ్లింట్లో పసుపు దంచడం చూడని తెలుగువాళ్లు అరుదు. రోకలికి పసుపు కొమ్ము కట్టి, రోట్లో గుప్పెడు కొమ్ములు పోసి, ముత్తైదువలు తలో పోటు వేస్తారు. ఫొటోలు దిగాక రోలు పెరట్లోకి వెళ్లిపోతుంది, కూరలోకి పసుపు ప్యాకెట్లోంచి వస్తుంది. ఒకప్పుడు ఏడాదికోసారి ప్రతి ఇంటా జరిగిన పని ఇప్పుడు పెళ్లి తంతుగా మాత్రమే మిగిలింది. నిజామాబాద్ జిల్లా వేల్పూర్‌లో నిలబడి చూస్తే ఇది మరీ విడ్డూరం. ఆర్మూర్, బాల్కొండ, మోర్తాడ్, కమ్మర్‌పల్లి, వేల్పూర్... ఈ పట్టీ అంతా పసుపు నేలే. పసుపు బోర్డు కావాలని, గిట్టుబాటు ధర ఇవ్వాలని 2019 లోక్‌సభ ఎన్నికల్లో 170 మందికి పైగా రైతులు నామినేషన్లు వేసి బరిలో నిలిచిన నిజామాబాద్ నియోజకవర్గం ఇదే. 2025 జనవరిలో జాతీయ పసుపు బోర్డు నిజామాబాద్ కేంద్రంగా మొదలైంది. బోర్డు వచ్చింది సరే, వంటింట్లోకి కొమ్ము తిరిగి రావాలంటే ఏం చేయాలన్నది ఇక్కడి ముచ్చట.

పొడి మంచిచెడ్డలు సగం పసుపు ఉడికే కడాయి దగ్గరే తేలిపోతాయి. జూన్‌లో పెట్టిన విత్తనం జనవరి నుంచి మార్చి లోపు తవ్వకానికి వస్తుంది. తవ్వాక మట్టి దులిపి, మండల (తల్లి దుంపల) నుంచి కొమ్ములు విరిచి, వేర్వేరుగా ఉడకబెడతారు. కొమ్ములకు ముప్పావుగంట నుంచి గంట పడుతుంది. మండలు లావు కాబట్టి ఇంకాస్త ఎక్కువసేపు. నురగ పొంగి, తెల్లటి ఆవిరితో పసుపు వాసన గుప్పుమన్నాక పుల్ల గుచ్చి చూస్తారు. అడ్డం లేకుండా దిగితే దించేయాలి. పచ్చి మిగిలితే లోపల రంగు సమంగా పరుచుకోదు, ఎండటానికీ మొరాయిస్తుంది. ఎక్కువ ఉడికితే రంగు చెడుతుంది. ఆవిరి బాయిలర్లు వచ్చాక కట్టెల పొగ, కడాయిల చాకిరీ తగ్గాయి. పుల్ల గుచ్చి చూసే కన్ను మాత్రం ఇప్పటికీ మనిషిదే.

తర్వాత కల్లం. రెండు వారాలు అటూ ఇటూ ఎండితే తేమ 10 శాతం దగ్గరికి దిగుతుంది. 100 కిలోల పచ్చి పసుపు 20 కిలోలకు కాస్త అటూ ఇటూ తేలుతుంది. విరిచినప్పుడు టక్కున తెగి ఖంగుమనే కొమ్మే ఎండినట్టు. వంగితే ఇంకా ఎండ కావాలి. డ్రమ్ములో తిప్పి పైపొట్టు, వేర్ల పీచు రాల్చాక మార్కెట్లో కాడి, గోళ (మండ), చూర (ముక్కలు, నుసి) అని వేరు చేసి ధర కడతారు. ఇంటికి కొనేటప్పుడు కాడినే, అంటే కొమ్మునే తీసుకోవాలి. చూర చవక, కానీ అందులో ఏముందో కంటికి ఆనదు.

ఇంట్లో పట్టుకునే పద్ధతికి పెద్ద శాస్త్రం అక్కర్లేదు, ఓపిక కావాలి. కొమ్ముల్ని పొడిబట్టతో తుడిచి, రెండు రోజులు మళ్లీ ఎండలో పెట్టాలి. ఈ రెండో ఎండను చాలామంది ఎగ్గొడతారు, తర్వాత పొడి ఉండకట్టిందని బాధపడతారు. రోట్లో వేసి, ముక్కలు ఎగిరిపడకుండా చుట్టూ బట్ట కప్పి, ముందు కచ్చాపచ్చాగా దంచాలి. పూర్వం ఆ ముక్కల్ని ఇసుర్రాయిలో పోసి విసిరేవారు. ఇప్పుడు మిక్సీ. నిండు కొమ్ము వేస్తే బ్లేడు పోతుంది. ముక్కలైనా జారులో సగానికి మించి పోయొద్దు. కొంచెం తిప్పి ఆపి, మళ్లీ తిప్పాలి. జారు వేడెక్కితే చల్లారే దాకా ఆగాలి. సన్న జల్లెడ పట్టి, మిగిలిన రవ్వను మళ్లీ వేయాలి.

వేడికి ఎందుకు భయం? పసుపు వాసనంతా దానిలోని తైలానిది. ఎండు కొమ్ములో అది 3 నుంచి 7 శాతం దాకా ఉంటుంది, వేడికి ఆవిరైపోతుంది. రంగు కుర్కుమిన్‌ది. అది వెలుతురుకు వెలిసిపోతుంది. కాఫీ గింజలు ఏ పూటకాపూట మర ఆడించుకోవాలని వాదించే పెద్దమనుషులే పసుపు పొడిని ఏడాది పాటు పొయ్యి పక్కన గాజు సీసాలో ఉంచుతారు! నా లెక్కలో ఇసుర్రాయి గొప్పతనమంతా దాని నిదానంలోనే ఉంది. చేతితో విసిరితే పొడి అంతగా కాగదు.

కిలోల లెక్కన కావాలంటే గిర్నీయే దిక్కు. అక్కడ రెండు జాగ్రత్తలు. కారం పట్టిన మరలోనే పసుపు పోస్తే ఆ ఘాటు వారాల పాటు పసుపు పాలల్లో తగులుతుంది, అందుకే పసుపుకు వేరే మర ఉన్న గిర్నీ చూసుకోవాలి. మరలోంచి పడే పొడి వేడిగా ఉంటుంది. దాన్ని వెంటనే డబ్బాలో కుక్కితే చెమ్మ పట్టి గడ్డకడుతుంది. నీడలో బట్ట మీద పరిచి, చల్లారాకే ఎత్తాలి.

కొమ్ము కొనడంలో ఇంకో లాభం ఉంది, కల్తీ భయం తగ్గుతుంది. పొడిలో పిండి కలపడం సులువు, మెటానిల్ ఎల్లో లాంటి రంగు కలపడమూ సులువే. అలాగని కొమ్మును కళ్లు మూసుకుని నమ్మడానికి లేదు. బంగ్లాదేశ్‌లో కొమ్ములకే సీసం ఉన్న లెడ్ క్రోమేట్ పూసి మెరిపించిన సంగతి 2019లో స్టాన్‌ఫోర్డ్ పరిశోధకులు బయటపెట్టారు. మరీ తళతళలాడుతూ, రుద్దితే చేతికి మెరుపు రంగు అంటించే కొమ్మును పక్కన పెట్టడమే మేలు. మంచి కొమ్ము పైకి మట్టిరంగు కలిసిన పసుపుతో సాదాసీదాగా ఉంటుంది, విరిస్తే లోపల ముదురు నారింజ ఛాయ కనిపిస్తుంది.

క్వింటాళ్ల లెక్కన కొమ్ము అమ్మే రైతుకు పొడి మీద వచ్చే లాభం చాలావరకు అందదు. అది మర పెట్టినవాడికి, ప్యాకెట్ మీద పేరు వేసుకున్నవాడికి పోతుంది. పల్లెల్లో మహిళా సంఘాలు చిన్న మరలు పెట్టుకుని పొడి అమ్మితే ఆ డబ్బులో కొంతైనా ఊళ్లో ఆగుతుంది. అంతవరకు ఇంటివాళ్లు చేయగలిగింది ఒకటుంది. తవ్వకాలయ్యాక ఎండాకాలంలో ఏడాదికి సరిపడా కొమ్ములు తెలిసిన రైతు దగ్గర కొనుక్కుని, గోనెసంచిలో కట్టి, చెమ్మ లేని చోట పెట్టుకోవచ్చు. రెండు నెలలకు సరిపడా మాత్రమే పొడి పట్టి వెలుతురు సోకని డబ్బాలో పోసుకుంటే చాలు. జల్లెడలో ఆఖరికి మిగిలే, మిక్సీకి కూడా లొంగని మొండి రవ్వను నీళ్లలో నానేస్తే గడపకు పూయడానికి పనికొస్తుంది.