గోదారి గట్టు మీది గాలికి దండం

రోహిణి కార్తెలో కొవ్వూరు మీద పగలంతా నీదే రాజ్యం, పడమటి గాలీ! దక్కను రాళ్ళ మీద కాగి కాగి వస్తావు. గోష్పాద క్షేత్రం మెట్ల మీద ఉత్తకాళ్ళతో నిలబడనివ్వవు. వంతెన ఇనుము ముట్టుకుంటే చెయ్యి చురుక్కుమంటుంది. పెదవి మీది తడి కూడా నీకు కావాలి. నీకు దండం.

పొద్దు వాలే వేళకు ఆగ్నేయం నుంచి ఇంకో గాలి బయల్దేరుతుంది. బంగాళాఖాతపు తడిని ఒంటినిండా పట్టించుకుని, కోనసీమ కొబ్బరి మట్టల్ని కదుపుకుంటూ వస్తుంది. చల్లనిది కనుక అది బరువు. వేడిగాలి కిందికి దూరి, దాన్ని పైకెత్తేస్తుంది. ధ్రువాల చలిగాలీ దక్షిణపు వెచ్చటి గాలీ ఎదురుపడే గీతను, మొదటి ప్రపంచయుద్ధం ముగిసిన రోజుల్లో, నార్వేలోని బెర్గెన్‌లో వాతావరణ శాస్త్రజ్ఞులైన బెర్క్‌నెస్ తండ్రీకొడుకులూ వారి శిష్యులూ పసిగట్టారు. దాన్నే వాతాగ్రం అంటున్నాం. మన దాకా ఆ చలి రాదు. మన ఆకాశంలో కయ్యం పొడికీ తడికీ.

ఆ కయ్యమే మనకు వరం. ఆ తోపులాటలో తనూ పైకి పోయిన తడి చల్లబడి చినుకవుతుంది. సముద్రం మీద ఆవిరయ్యేటప్పుడు ఏ వేడిని మింగిందో, చినుకయ్యేటప్పుడు ఆ వేడిని కక్కేస్తుంది. ఆ వేడే మబ్బును ఇంకా పైకి తోస్తుంది, పది పన్నెండు కిలోమీటర్ల ఎత్తు దాకా. పడమట నల్లగా కమ్ముకుంటుంది. వాన కంటే ముందు ఈదురుగాలి దిగుతుంది, వీధిలో దుమ్ము లేస్తుంది, తోటల్లో కాయలు దబదబా రాలతాయి. పిల్లలు గోనెసంచులు పట్టుకుని పరుగెడతారు, పెద్దవాళ్ళు ఉరుముల్లో చెట్ల కిందికి పోవద్దని కేకలేస్తారు. మట్టి వాసన ఇల్లంతా నిండుతుంది.

మృగశిరతో నైరుతి గాలి వస్తుంది. దాని పని మరీ పెద్దది. బంగాళాఖాతం వాయవ్య మూలన అల్పపీడనం పుడితే, అది ఒడిశా మీదుగా ఛత్తీస్‌గఢ్, విదర్భల వైపు కదులుతుంది. ఆ వానంతా ఇంద్రావతిలో, శబరిలో, ప్రాణహితలో పడి మన ఏట్లోకే చేరుతుంది. కొవ్వూరులో చుక్క రాలని రోజున కూడా రేవులో నీళ్ళు ఎర్రబడతాయి. సముద్రం మన నెత్తి మీదుగా ఎగిరిపోయి, అడవుల్లో కురిసి, మళ్ళీ మన కాళ్ళ దగ్గరికి నడిచొస్తుంది! ఆ ఎర్రనీటికి ఎదురీదుతూ పులస వస్తుంది. ఆ నీరే సార్వా నాట్లకు కాలవల్లో పారుతుంది.

అదే నీరు మితిమీరితే? ధవళేశ్వరం దగ్గర పది లక్షల క్యూసెక్కులకు మొదటి ప్రమాద హెచ్చరిక, పదమూడుకు రెండోది, పదిహేడుకు మూడోది. 1986 ఆగస్టులో దాదాపు 35 లక్షలు వచ్చింది. గట్లు తెగాయి, లంకలు మునిగాయి. ఆ వరదనూ తట్టుకున్న, ఎన్నో సినిమాల్లో కనిపించిన కుమారదేవం నిద్రగన్నేరు చెట్టు నూరేళ్ళు దాటి గట్టున నిలిచి, 2024 ఆగస్టులో కూలిపోయింది.

ఇక ఆశ్వయుజ, కార్తీకాల తుపాను గాలి. దాని పేరు చెబితే డెల్టాకు ఇప్పటికీ గుండె ఝల్లుమంటుంది. 1977 నవంబరు 19న దివిసీమ మీదికి ఉప్పెనను తెచ్చింది. 1996 నవంబరు 6 రాత్రి కాకినాడకు దక్షిణాన తీరం దాటి, కోనసీమ కొబ్బరిని నేలమట్టం చేసింది, వెయ్యి మందికి పైగా పొట్టన పెట్టుకుంది. నీకూ దండమే, భయంతో పెట్టే దండం. అయినా నువ్వు గుడ్డిగా రావు. నీ నడకకు లెక్క ఉంది. భూమి తిరుగుడు వల్ల మన అర్ధగోళంలో నువ్వు గడియారానికి ఎదురుగా సుడి తిరుగుతావు. కొవ్వూరు గట్టు మీద గాలికి వీపు పెట్టి నిలబడితే నీ కేంద్రం ఎడమచేతి వైపు ఉంటుంది. నువ్వు తూర్పు నుంచి వస్తున్నప్పుడు, ఉత్తరం నుంచి మొదలైన గాలి తూర్పు నుంచి వీచసాగితే మాకు దక్షిణంగా దాటుతున్నావు, పడమర నుంచి వీచసాగితే ఉత్తరంగా. ఈ ఒక్క సంగతి ప్రతి బడిలోనూ పిల్లలకు గాలిలో నిలబెట్టి నేర్పాలి.

నువ్వు వచ్చే వేళకు సార్వా చేను కోతకొస్తుంది. కోసి పనల మీద ఉన్న వరి నాలుగు రోజులు నానితే, కంకిలోనే గింజ తెల్లగా మొలకెత్తుతుంది. ఆ కంకిని చేతిలో పట్టుకున్న రైతు మొహం చూడలేం.

అందుకే అన్నలారా, అక్కలారా, సముద్రంలో వాయుగుండం పుట్టిందని విశాఖ తుపాను హెచ్చరికల కేంద్రం చెప్పగానే కోతలు ఆపండి. కోసిన పనలుంటే కుప్ప వేసి కప్పండి. లంకల్లో ఉన్నవాళ్ళు నీరు పెరగకముందే గొడ్డూ గోదాతో గట్టెక్కండి.