పసిపిల్లల గ్రహణశక్తి: గోల్డ్‌మన్ సిద్ధాంతంపై ఒక విమర్శనాత్మక పరిశీలన

ఉపోద్ఘాతం

సండే స్కూలు ఉపాధ్యాయుల శిక్షణ తరగతులలో రెండు మాటలు తరచుగా వినబడతాయి. మొదటిది: "చిన్నపిల్లలకు పెద్ద సంగతులు చెప్పకండి, ఆ వయసులో వాళ్ళకు అర్థం కావు." రెండవది: "పిల్లలకు దేవుడు సహజంగానే తెలుసు, వాక్యం కంఠస్థం చేయిస్తే చాలు." ఈ రెండూ ఒకదానికొకటి వ్యతిరేకం. అయినా రెండింటినీ చెప్పేవారు తమకు శాస్త్ర పరిశోధన మద్దతు ఉన్నదని అంటారు. మొదటి మాట వెనుక ఇంగ్లండుకు చెందిన రోనాల్డ్ గోల్డ్‌మన్ 1964లో ప్రచురించిన పరిశోధన, దానికి పునాదియైన జాన్ పియాజే సిద్ధాంతం ఉన్నాయి. రెండవ మాట వెనుక జస్టిన్ బారెట్ మొదలైనవారు 2001 నుండి ప్రచురించిన ప్రయోగాలు ఉన్నాయి.

ఈ పరిశోధనలు నిజంగా ఏమి చూపాయి, ఏమి చూపలేదు అన్నది పరిశీలించడమే ఈ వ్యాసం ఉద్దేశం. గోల్డ్‌మన్ అడిగిన ప్రశ్న సరియైనదే గాని ఆయన వాడిన కొలత సరియైనది కాదని నా వాదన.

ముందుగా ఒక చిన్న సంఘటన. కొన్నేళ్ళ క్రితం ఒక పల్లె సంఘంలో సండే స్కూలు చూడడానికి కూర్చున్నాను. పాఠం మండుచున్న పొద. ఉపాధ్యాయురాలు కథ చక్కగా చెప్పి, "మోషే చెప్పులు ఎందుకు విప్పాడు?" అని అడిగింది. ఐదేళ్ళ పాప వెంటనే, "లోపలికి పోతున్నాడు కదా టీచరమ్మా!" అన్నది. అందరూ నవ్వారు. ఉపాధ్యాయురాలు, "కాదమ్మా, అది పరిశుద్ధ స్థలం కాబట్టి" అని సరిదిద్ది, అందరిచేత ఆ మాట మూడుసార్లు చెప్పించింది. ఆ పాప తరువాత ఇంకే ప్రశ్నకూ నోరు తెరవలేదు. ఆమె జవాబు తప్పా? ఈ ప్రశ్నకు వ్యాసం చివర తిరిగి వద్దాము.

1. పియాజే వేసిన పునాది

జాన్ పియాజే (1896–1980) స్విట్జర్లండులోని నూషాటెల్‌లో జన్మించాడు. యౌవనంలో పారిస్‌లో పిల్లల తెలివితేటల పరీక్షలపై పని చేస్తున్నప్పుడు ఆయన ఒక సంగతి గమనించాడు. ఒకే వయసు పిల్లలు ఒకే రకమైన తప్పులు చేస్తున్నారు. అంటే పిల్లలు పెద్దలకంటే తక్కువ ఆలోచించడం లేదు, వేరుగా ఆలోచిస్తున్నారు. 1921లో జెనీవాలో రూసో విద్యాసంస్థలో చేరిన తరువాత ఆయన జీవితమంతా ఈ తప్పుల వెనుక ఉన్న క్రమాన్ని వెదకడానికే వెచ్చించాడు.

ఆయన చెప్పిన నాలుగు దశలు విద్యార్థులకు తెలిసినవే: రెండేళ్ళ వరకు ఇంద్రియ చాలక దశ, రెండు నుండి ఏడు వరకు పూర్వ ప్రచాలక దశ, ఏడు నుండి పదకొండు వరకు మూర్త ప్రచాలక దశ, ఆ తరువాత అమూర్త ప్రచాలక దశ. రెండవ దశలోని బిడ్డ తన దృష్టికోణం నుండి బయటికి రాలేడనీ, కంటికి కనబడే మార్పుకు మోసపోతాడనీ పియాజే అన్నాడు. మూడు కొండల నమూనా ముందు కూర్చోబెట్టి, "ఎదుటివైపు బొమ్మకు ఏమి కనబడుతుంది?" అని అడిగితే, చిన్నపిల్లలు తమకు కనబడేదే చూపించారు. రెండు వరుసలలో సమానంగా పేర్చిన బిళ్ళలలో ఒక వరుసను దూరదూరంగా జరిపితే, అందులోనే ఎక్కువ ఉన్నాయి అన్నారు.

పిల్లవాడు ఖాళీ కుండ కాదు, తానే తలచి తెలుసుకొనే మనిషి అని చూపినందుకు బోధకులు పియాజేకు ఎంతో ఋణపడి ఉన్నారు. ఈ మేలును మరువకుండానే విమర్శ చేయాలి.

2. గోల్డ్‌మన్ పరిశోధన

గోల్డ్‌మన్ ఈ దశలను మతబోధకు అన్వయించాడు. ఆరేళ్ళ వయసు నుండి కౌమారం వరకు ఉన్న 200 మంది ఇంగ్లీషు విద్యార్థులను ఒక్కొక్కరిగా ప్రశ్నించాడు. మూడు బొమ్మలు చూపాడు, మూడు బైబిలు కథలు వినిపించాడు: మండుచున్న పొద, ఎఱ్ఱ సముద్రం దాటుట, యేసు శోధన. పొద ఎందుకు కాలిపోలేదు, ఆ నేల ఎందుకు పరిశుద్ధమైనది వంటి ప్రశ్నలకు వచ్చిన జవాబులను పియాజే దశల ప్రకారం విభజించాడు. పదమూడు, పద్నాలుగేళ్ళ మానసిక వయస్సు వరకు పిల్లలు బైబిలు కథలలోని ఆత్మీయ భావాన్ని గ్రహించలేరనీ, అంతకు ముందే ఎక్కువగా బోధిస్తే తప్పుడు భావాలు గట్టిపడి, పెద్దయ్యాక విశ్వాసాన్నే వదలుకొంటారనీ ఆయన తేల్చాడు. బైబిలు పిల్లల గ్రంథం కాదన్నాడు. 1965లో వెలువడిన రెండవ పుస్తకంలో, చిన్నపిల్లలకు ఇల్లు, స్నేహం, వెలుగు వంటి జీవితానుభవాల నుండి పాఠాలు అల్లాలని సూచించాడు.

ఆయన భయం ఊరికే పుట్టినది కాదు. అర్థం కాని మాటలను పిల్లల నోట పెట్టడం ప్రమాదమే. మనము ఐదేళ్ళ బిడ్డతో, "యేసయ్యను నీ హృదయంలోకి చేర్చుకో" అంటాము. హృదయమంటే గుండె అనీ, గుండె ఛాతీలో కొట్టుకొంటుందనీ విన్న బిడ్డ, "ఆయన అంత చిన్నగా అవుతాడా?" అని దిగులుపడితే ఆ తప్పు బిడ్డది కాదు. ఇంతవరకు గోల్డ్‌మన్‌తో ఏకీభవించాలి.

అయితే మూడు ఆక్షేపణలు ఉన్నాయి.

మొదటిది, కథల ఎన్నిక. మూడు కథలూ అద్భుతంతోనో ఆత్మీయ సంఘర్షణతోనో నిండినవే. తప్పిపోయిన గొఱ్ఱె, మంచి సమరయుడు వంటి కథలు అందులో లేవు. కష్టమైన మూడు భాగాలు కష్టమని తేలితే, గ్రంథమంతా కష్టమని తేలినట్లు కాదు.

రెండవది, కొలబద్ద. పొద నిజంగానే మండింది, దేవుడు దానిని కాలకుండా ఆపాడు అని చెప్పిన పిల్లవాడు క్రింది మెట్టులో పడతాడు. అది ఒక లోపలి అనుభవం అన్నవాడు పై మెట్టు చేరతాడు. ఇది ఆలోచనాశక్తిని కొలవడమా, ఒక వేదాంత అభిప్రాయాన్ని కొలవడమా? 1966లోనే కెనెత్ హౌకిన్స్ తన విమర్శ గ్రంథంలో గోల్డ్‌మన్ పరిశోధననూ నిర్ణయాలనూ ప్రశ్నించాడు. అక్షరార్థాన్ని అంగీకరించే పెద్దలు ఎందరో లోతైన తార్కికులు. ఎవరు ఏమి నమ్ముతున్నారన్నది వేరు, ఎలా ఆలోచిస్తున్నారన్నది వేరు.

మూడవది, వయస్సు. గోల్డ్‌మన్ ప్రశ్నించినవారిలో అతి చిన్నవారికి ఆరేళ్ళు. మూడేళ్ళ, నాలుగేళ్ళ పిల్లలపై ఆయన దగ్గర సమాచారం లేదు. అయినా బిగినర్స్ తరగతి గురించి మాట్లాడేటప్పుడు ఆయన పేరే వాడుతున్నాము.

3. ఎడింబరో నుండి వచ్చిన జవాబు

పునాదినే కదిలించిన పుస్తకం మార్గరెట్ డొనాల్డ్‌సన్ 1978లో ప్రచురించిన "చిల్డ్రన్స్ మైండ్స్". ఎడింబరో విశ్వవిద్యాలయంలో ఆమె, ఆమె సహచరులు పియాజే పరీక్షలనే కొద్దిగా మార్చి చేశారు.

మార్టిన్ హ్యూస్ కొండలకు బదులు గోడలు పెట్టి, ఒక పోలీసు బొమ్మ, ఒక పిల్లవాడి బొమ్మ ఇచ్చి, "పోలీసుకు కనబడకుండా వీడిని దాచు" అన్నాడు. మూడున్నర నుండి ఐదేళ్ళ పిల్లలు ఇచ్చిన జవాబులలో సుమారు 90 శాతం సరియైనవి. ఇతరుల దృష్టికోణం తెలియదన్న పిల్లలే ఇద్దరు పోలీసుల దృష్టి నుండి తప్పించి దాచగలిగారు. దొంగాట ప్రతి బిడ్డకూ తెలుసు, కొండల నమూనా వాళ్ళ బ్రతుకులో లేదు. అదే తేడా.

జేమ్స్ మెక్‌గారిగల్ బిళ్ళల పరీక్షలో ఒక అల్లరి ఎలుగుబంటి బొమ్మను తెచ్చాడు. పెద్దాయన కావాలని వరుస జరిపినప్పుడు 80 మంది పిల్లలలో సుమారు 16 శాతమే, "రెండూ సమానమే" అన్నారు. ఎలుగుబంటి వచ్చి ఆట చెడగొట్టినట్లు జరిపినప్పుడు సుమారు 62 శాతం సరిగా చెప్పారు. పెద్దాయన తన చేతితో జరిపి, అదే ప్రశ్న మళ్ళీ అడిగితే, ఏదో మారింది కాబట్టే అడుగుతున్నాడని బిడ్డ అనుకొంటుంది. 1974లో సూసన్ రోజ్, మారియన్ బ్లాంక్ చేసిన మరో ప్రయోగంలో, ప్రశ్నను ఒక్కసారే అడిగినప్పుడు తప్పులు తగ్గాయి. బిడ్డ లెక్కలో తప్పలేదు, పెద్దవాడి మనస్సు చదవబోయి తప్పింది.

ఈ ఫలితాలను కూడా గ్రుడ్డిగా తీసుకొనరాదు. 1990లో ఇతరులు ఎలుగుబంటి పరీక్షను తిరిగి చేసినప్పుడు అంత తేడా రాలేదు. పియాజే దశలు పూర్తిగా కూలిపోయాయని అనలేము. డొనాల్డ్‌సన్ కూడా అలా అనలేదు. మనుషుల ఉద్దేశాలు, ఆశలు, భయాలు కలిసిన సందర్భంలో పసిపిల్లలు చక్కగా తర్కిస్తారు, సందర్భం నుండి ఊడదీసిన మాటల దగ్గర తడబడతారు అన్నదే ఆమె వాదన. బోధకులకు కావలసిన సత్యం ఇదే. "పరిశుద్ధత అంటే ఏమిటి?" అన్నది ఊడదీసిన ప్రశ్న. "మోషే ఎందుకు భయపడ్డాడు?" అన్నది మనిషి ఉన్న ప్రశ్న.

4. ఎదుటి అతిశయోక్తి

గోల్డ్‌మన్‌కు జవాబుగా కొందరు రెండవ ఒడ్డుకు పోయారు. 2001లో బారెట్, రెబెకా రిచర్ట్, అమాండా డ్రీసెంగా అమెరికాలోని మిషిగన్‌లో ప్రొటెస్టెంటు కుటుంబాల పిల్లలకు ఒక బిస్కెట్ల పెట్టె చూపారు. తెరిస్తే లోపల రాళ్ళు. మళ్ళీ మూసి, "ఈ పెట్టె చూస్తే అమ్మ ఏమనుకొంటుంది? దేవుడు ఏమనుకొంటాడు?" అని అడిగారు. ఐదేళ్ళ పిల్లలలో ఎక్కువమంది, అమ్మ బిస్కెట్లు అనుకొంటుంది, దేవునికి రాళ్ళని తెలుసు అన్నారు. 2004లో మెక్సికోలోని యుకాటాన్ మాయా పిల్లలలో కూడా దీనికి దగ్గరి ఫలితమే వచ్చింది. దేవుడంటే పెద్ద మనిషి అని మాత్రమే పిల్లలు భావిస్తారన్న పాత మాటకు ఇది బలమైన ప్రశ్న.

కాని దీనిని, "పిల్లలు పుట్టుకతోనే దేవుని సర్వజ్ఞత ఎరుగుదురు" అని ప్రకటించడం తొందరపాటు. మూడేళ్ళ పిల్లలు దేవునికి తెలుసు అన్నారు, నిజమే. అయితే అమ్మకూ తెలుసు అన్నారు. ఆ వయసులో బిడ్డ తనకు తెలిసినది అందరికీ తెలుసనుకొంటుంది. కనుక ఆ జవాబులో దేవుని గూర్చిన జ్ఞానం ఉన్నదని చెప్పలేము. 2010లో జోనథన్ లేన్, హెన్రీ వెల్‌మన్, మార్గరెట్ ఎవాన్స్ ప్రచురించిన పరిశోధనలో, అమ్మకు తెలియకపోవచ్చునని అప్పుడప్పుడే గ్రహిస్తున్న నాలుగేళ్ళ పిల్లలు దేవునికి కూడా తెలియదన్నారు. ఆ తరువాతనే ఇద్దరినీ వేరు చేయగలిగారు. అంటే దేవుడు మనవంటివాడు కాడన్న గ్రహింపు ఎదిగి వచ్చేదే. ఇంట్లో, సంఘంలో విన్న మాటలకు అందులో పాలు ఉన్నది.

5. బైబిలు ఏ క్రమాన్ని చూపుతుంది?

ఈ చర్చలో లేఖనాలను ప్రక్కన పెట్టనవసరం లేదు. నిర్గమకాండము 12:26, ద్వితీయోపదేశకాండము 6:20, యెహోషువ 4:6 చదవండి. మూడుచోట్లా క్రమం ఒకటే. ముందు పండుగ, ఆజ్ఞ, రాళ్ళ గుట్ట ఉన్నాయి. బిడ్డ వాటిని చూస్తుంది. బిడ్డే అడుగుతుంది. అప్పుడు పెద్దలు కథ చెబుతారు. వివరణ బిడ్డ ప్రశ్నకు జవాబుగా వస్తుంది.

మన పద్ధతి తలక్రిందులు. ప్రశ్న మనదే, జవాబూ మనదే, బిడ్డ వంతు అప్పజెప్పడం. అంతకంటె విచారమేమనగా, ప్రభుబల్ల, బాప్తిస్మము జరిగే సమయానికి అనేక సంఘాలలో పిల్లలను ప్రక్క గదికి పంపిస్తాము. అడగడానికి వారికి ఏమి మిగిలింది? మార్కు 10:13-16లో శిష్యులు ఆటంకపరచినది కూడా ఇటువంటి సదుద్దేశంతోనే కావచ్చును.

కాపరులు, విద్యార్థులు ఆలోచించడానికి నాలుగు సూచనలు:

ఒకటి, వివరణ ఆలస్యమైనా ఫరవాలేదు, కథ ఆలస్యం కారాదు. గోల్డ్‌మన్ ఈ రెండింటినీ కలిపివేశాడు.

రెండు, జవాబు వచ్చాక అదే ప్రశ్న మళ్ళీ అడగవద్దు. "తప్పు చెప్పావు" అని అన్నట్లే అవుతుంది. "ఎందుకలా అనుకొన్నావమ్మా?" అని అడగండి.

మూడు, కంఠత వాక్యాన్ని ఒక కథకు, ఒక పనికి కట్టండి. పంచుకోవడం గూర్చిన వాక్యం నేర్పిన రోజున ఏదైనా పంచిపెట్టండి.

నాలుగు, పిల్లల మాటలను ఒక నోటుపుస్తకంలో వ్రాసి ఉంచండి. పియాజే చేసినది మొదట అదే. ఆయన తన ముగ్గురు పిల్లలను రోజూ గమనించి వ్రాసుకొన్నాడు. జెనీవా, ఇంగ్లండు, మిషిగన్ పిల్లల నుండి తీసిన సూత్రాలను మన పిల్లలకు అంటగట్టే ముందు మన పిల్లలు ఏమంటున్నారో వినడం న్యాయం.

ముగింపు

ఆ పాప జవాబుకు తిరిగి వద్దాము. గోల్డ్‌మన్ కొలబద్దపై అది క్రింది మెట్టు. పరిశుద్ధత అన్న భావం లేదు, కంటికి కనబడే అలవాటు మాత్రమే ఉంది. డొనాల్డ్‌సన్ కళ్ళతో చూస్తే అందులో మంచి తర్కం ఉంది. మన ఇళ్ళలో చెప్పులు గుమ్మం బయట విడుస్తాము. మోషే చెప్పులు విడిచాడు. కనుక అక్కడ కంటికి కనబడని ఒక గుమ్మం ఉన్నది, లోపల ఎవరో ఉన్నారు. "అవునమ్మా, ఎవరి ఇంట్లోకి?" అని ఉపాధ్యాయురాలు ఒక్క మాట అడిగి ఉంటే ఆ పాప చెప్పేది. పరిశుద్ధ స్థలమంటే ఏమిటో తరగతి అంతటికీ ఆమే బోధించి ఉండేది.

పిల్లలకు అర్థం కాదని చెప్పేముందు, వాళ్ళు చెప్పినది మనకు అర్థమైనదా అని అడుగుకొనవలసిన బాధ్యత బోధకులమైన మనమీద ఉన్నది.